ఐదింటికి ఫోన్ మోగితే గుండె దడ: మంచు సెలవు రోజున పిల్లలతో ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. కిందటి వేసవిలో మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీకి వచ్చాం. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి నాలుగు. మాకు ఇక్కడ ఇదే మొదటి చలికాలం. ఇప్పటికి నాలుగుసార్లు మంచు వల్ల స్కూల్ మూసేశారు. తెల్లవారుజామున ఐదింటికి స్కూల్ వాళ్ళ ఫోన్ మోగితే చాలు, నాకు గుండె దడ మొదలవుతోంది. మావారిది హాస్పిటల్‌లో ఉద్యోగం, మంచు పడినా వెళ్ళాల్సిందే. నాది ఇంటి నుంచే పని. ఎనిమిదింటికి టీవీ పెడితే రాత్రి దాకా ఆగడం లేదు, ఆపితే ఇద్దరూ కొట్టుకుంటున్నారు. కాసేపు బయటికి పంపుదామంటే మా అత్తయ్యగారు (ఆరు నెలలు ఉండడానికి వచ్చారు) జలుబు చేస్తుంది, నెమ్ము చేరుతుంది అని ఒప్పుకోరు. బోలెడు క్రాఫ్ట్ సామాను కొన్నాను, ఏది తీసినా పది నిమిషాల్లో అయిపోతోంది. సోమవారం మళ్ళీ తుఫాను అంటున్నారు. రోజంతా వీళ్ళని ఎలా ఆడించాలో చెప్పండి.
- ఒక అమ్మ, ష్రూస్‌బరీ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నాకు 2015 చలికాలం కళ్ళముందు కదిలింది. అప్పుడు మేం మీ పక్కనే, వూస్టర్‌లో ఉండేవాళ్ళం. జనవరి 26, 27 తేదీల్లో వచ్చిన ఒక్క తుఫానుకే వూస్టర్‌లో 34.5 అంగుళాల మంచు పడింది. అక్కడితో ఆగిందా అంటే లేదు, ఫిబ్రవరిలో కూడా వారం వారం పడుతూనే ఉంది. బోస్టన్‌లో ఆ సీజన్ మొత్తం కలిపితే 110.6 అంగుళాలు, అంటే తొమ్మిది అడుగుల పైమాటే. నగరంలో ఎత్తిన మంచుని ఒకచోట గుట్టగా పోస్తే అది పూర్తిగా కరిగేసరికి జూలై 14 అయింది. మా అమ్మాయికి అప్పుడు ఏడు, అబ్బాయికి నాలుగు, దాదాపు మీ పిల్లల వయసే. మొదటి వారం నేనూ మీలాగే చేశాను. అరగంటకో ఆట చొప్పున కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మధ్యాహ్నానికి ఆటలు అయిపోయాయి, నా ఓపిక అయిపోయింది, ఆఫీసు పని మాత్రం మొదలుపెట్టినచోటే ఉండిపోయింది. రెండో వారానికి నాకు అర్థమైంది ఏమిటంటే, ఇద్దరు పిల్లల్ని పన్నెండు గంటలు ఆడించడం ఏ తల్లి వల్లా కాదు, ఆ అవసరం కూడా లేదు. పొద్దున్నే కాసేపు బయటికి పంపి, తర్వాత ఇంట్లో చేతికి నిజమైన పని ఇస్తే మిగతా ఆటని చాలావరకు వాళ్ళే పుట్టించుకుంటారు. మీ క్రాఫ్ట్ సామాను పది నిమిషాలకే అయిపోవడంలో పిల్లల తప్పేం లేదు. దాంట్లో వాళ్ళు కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదు, అంతే.

ముందు ఒక్క మాట. మీ బాబుని అడిగి చూడండి, స్కూల్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: పైజామా తిరగేసి వేసుకుని, దిండు కింద చెంచా పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి స్నో డే వస్తుందని ఇక్కడి పిల్లల నమ్మకం. అంటే మీకు దడ పుట్టించే ఆ ఫోన్ కోసం వాళ్ళు రాత్రంతా ఎదురుచూస్తారన్నమాట. చదువు పోతోందని కూడా బెంగ పెట్టుకోకండి. ఈ రాష్ట్రంలో 180 రోజులు స్కూల్ నడపాలని నిబంధన ఉంది కాబట్టి ఇప్పుడు పోయిన రోజు జూన్‌లో తిరిగి వస్తుంది. అందుకని ఆ రోజు వర్క్‌షీట్లు పెట్టి కూర్చోబెట్టకండి, అది వాళ్ళకి పండగ రోజు.

ఇక బయటికి పంపే సంగతి, ఎందుకంటే మిగతా రోజంతా దీనిమీదే ఆధారపడి ఉంటుంది. అత్తయ్యగారి భయం నాకు బాగా తెలుసు, మా అమ్మ కూడా ఇక్కడికి వచ్చినప్పుడు తలుపు తీస్తేనే కేకలేసేది. మంచు చూడని ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ మనవల్ని చూసుకుని భయపడటంలో తప్పేముంది? అయితే జలుబు తెప్పించేది చలి కాదు, వైరస్. అది మూసిన గదుల్లో పదిమంది దగ్గరదగ్గరగా కూర్చున్నప్పుడే ఎక్కువ అంటుకుంటుంది. ఈ మాట మీరు వాదనలా చెబితే ఆవిడ వినకపోవచ్చు. మీ పిల్లల డాక్టర్ దగ్గరికి ఈసారి వెళ్ళినప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళి, ఆవిడ ముందే అడగండి. అంతకంటే ముందు చెయ్యగలిగిన పని ఇంకోటి ఉంది: సోమవారం పిల్లలకి బట్టలు తొడిగే పని ఆవిడ చేతికే అప్పగించండి. ఒంటికి అతుక్కునే పల్చటి బనియను, దానిమీద ఉన్ని లేదా ఫ్లీస్, ఆ పైన నీళ్ళు ఇంకని స్నో ప్యాంటు, జాకెట్. నూలు బట్ట చెమటకి తడిస్తే ఆరదు, ఒళ్ళు చల్లబడిపోతుంది, అందుకని లోపలికి నూలు వద్దు. చేతులకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే అన్ని వేళ్ళూ కలిసి ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి. బూటు లోపలికి మంచు పోకుండా ప్యాంటు అంచు బూటు మీదికి లాగాలి. తన చేత్తో కప్పి పంపిన పిల్లల్ని కిటికీలోంచి చూస్తుంటే ఆవిడకి కొంచెం ధైర్యం వస్తుంది. మా అమ్మకి అలాగే వచ్చింది, మూడోసారికి తనే "ఏరా, ఇవాళ వెళ్ళరా?" అని అడిగింది.

ఎంతసేపు అంటారా, మొదట్లో ఇరవై నిమిషాలు చాలు. మంచు ఆగి, గాలి తగ్గాకే పంపండి. గాలితో కలిపి చలి ఎంత ఉందో చెప్పే విండ్ చిల్ అంకె ఫోన్‌లో కనిపిస్తుంది కదా, అది సున్నా ఫారెన్‌హీట్ కంటే కిందికి పోతే నేను పంపేదాన్ని కాదు. లోపలికి రాగానే వేళ్ళ చివర్లు, చెవులు, ముక్కు చూడండి. పాలిపోయి మొద్దుబారినట్టుంటే గోరువెచ్చని నీళ్ళలో ముంచండి, రుద్దకండి, అయినా స్పర్శ రాకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. రోడ్డు పక్కన ప్లౌ బండి (రోడ్డు మీది మంచుని పక్కకి తోసే బండి) తోసిపోయిన గుట్టల దగ్గరికి మాత్రం అస్సలు పంపకండి, ఆ బండి నడిపేవాళ్ళకి గుట్ట వెనకున్న పిల్లలు కనపడరు. గుట్టలోకి సొరంగం తవ్వడం కూడా వద్దు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ కూలితే మీదపడేది చాలా బరువు.

బయట ఏం చెయ్యాలో మీరు చెప్పక్కర్లేదు, చేతికి ఏదో ఒకటి ఇవ్వండి చాలు. బాబుకి చిన్న పార ఇచ్చి మెట్ల దగ్గర దారి చెయ్యమనండి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి "నాన్న వచ్చేసరికి దారి ఉండాలి, ఆ పని నీదే" అంటే ఆ గర్వం వేరు. పాపకి టమాటా కెచప్ పోసుకునే మూతిసన్నం సీసాలో రంగునీళ్ళు పోసి ఇవ్వండి. బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళు చాలు, లేదా వంటలో వాడే రంగు. ఆ నీళ్ళతో మంచు మీద ముగ్గు వెయ్యొచ్చు. తెల్లటి మంచు మీద తెల్ల ముగ్గు కనపడదు కదా, అందుకే రంగు. సంక్రాంతికి ఇక్కడ వాకిలి ఉండదు, పేడ దొరకదు అని మనం బాధపడతాం గానీ, ఒక ఏడాది భోగినాడు మా పిల్లలు మంచు ముద్దలతో గొబ్బెమ్మలు చేసి, కమలాపండు తొక్కల్ని పూలలాగా గుచ్చి మెట్లమీద పెట్టారు. మా అమ్మ తలుపు దగ్గర నిలబడి గొబ్బి పాట పాడింది. నేను ఇప్పటికీ తలుచుకునే స్నో డే అదే.

లోపలికి వచ్చాక తడి బట్టలు గుమ్మం దగ్గరే విప్పించి, వేడిగా ఏదన్నా పెట్టండి. చారు గ్లాసులో పోసి ఇచ్చినా చాలు. ఇప్పుడు ఇద్దరూ అలిసి ఉంటారు, మీకు ఒక గంట ప్రశాంతంగా దొరుకుతుంది. మీ ముఖ్యమైన ఆఫీసు పని ఈ గంటలో పెట్టుకోండి. టీవీ పెడితే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని ముందే పెట్టేస్తాం, కానీ పొద్దున్న మొదలైన టీవీని మధ్యలో ఆపడం కంటే మధ్యాహ్నం మొదలైన టీవీని ఆపడం చాలా తేలిక. దాన్ని దాచుకోండి. మీకు తప్పించుకోలేని మీటింగ్ ఉన్నప్పుడు బయటికి తియ్యండి. "రెండింటి నుంచి మూడున్నర దాకా సినిమా" అని పొద్దున్నే చెప్పేస్తే ఇంకెప్పుడు, ఇంకెప్పుడు అన్న సతాయింపు కూడా తగ్గుతుంది. టీవీ పెట్టినందుకు మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఇంట్లో ఉద్యోగం చేస్తూ పిల్లల్ని చూసుకుంటున్నారు. మీ మేనేజర్‌కి కూడా పొద్దున్నే ఒక మెసేజ్ పెట్టండి, ఇవాళ స్కూల్ లేదు, ఫలానా రెండు గంటలు తప్ప మిగతాప్పుడు జవాబు ఆలస్యమవుతుంది అని. ఈ ఊళ్ళలో ఆ మాట అందరికీ అర్థమవుతుంది.

మంచుని ఇంట్లోకి కూడా తెచ్చుకోవచ్చు. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఒక పెద్ద బేకింగ్ ట్రే నిండా మంచు తెచ్చి, కింద తువ్వాలు పరిచి పాప ముందు పెట్టండి, మిట్టెన్లు వేసి చెంచాలు, గిన్నెలు, బొమ్మ కార్లు ఇవ్వండి. కరిగేదాకా గంట గడుస్తుంది. బాబుకి వేరే పని: ఒక గాజు గ్లాసు నిండా మంచు నింపి, కరిగితే నీళ్ళు ఎంతదాకా వస్తాయో ఊహించి అక్కడ రబ్బరు బ్యాండు పెట్టమనండి. పిల్లలందరూ సగం దాకా పెడతారు. నొక్కకుండా నింపితే పదోవంతు వస్తుంది, తడి మంచయితే ఇంకాస్త ఎక్కువ. "అయితే మిగతాదంతా ఏమైంది?" అని వాడే అడుగుతాడు. మిగతాదంతా గాలి. అందుకే అంత మంచు పడినా అది దూదిలా ఉంటుంది అని చెప్పడానికి మీకో సందు దొరుకుతుంది.

ఐస్‌క్రీమ్ కూడా చెయ్యొచ్చు, ఇది తప్పకుండా చెయ్యండి. చిన్న జిప్ సంచిలో అరకప్పు చిక్కటి పాలు, చెంచాడు పంచదార, రెండు చెంచాల మామిడి గుజ్జు (ఇండియన్ స్టోర్‌లో డబ్బాలో దొరుకుతుంది) పోసి గాలి తీసి మూసెయ్యండి. దాన్ని ఇంకో సంచిలో పెట్టి మళ్ళీ మూస్తే ఉప్పు లోపలికి పోదు. పెద్ద సంచిలో నాలుగు కప్పుల మంచు, అరకప్పు గల్లుప్పు వేసి, దాని మధ్య చిన్నది పెట్టి పది నిమిషాలు ఊపాలి. ఉప్పు కలిస్తే మంచు ఇంకా ఎక్కువ చలిలో కూడా కరగడం మొదలుపెడుతుంది, కరుగుతూ పాలలో ఉన్న వేడిని లాగేసుకుంటుంది. రోడ్లమీద ఉప్పు చల్లేది కూడా ఈ కారణంతోనే, ఈ సంగతి చెబితే బాబు రేపు ఉప్పు లారీని చూసే చూపే వేరుగా ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఉప్పు కలిసిన మంచు సంచి మామూలు మంచు కంటే చల్లగా ఉండి చర్మాన్ని కాలుస్తుంది, వట్టి చేతులతో పట్టుకోనివ్వకండి, తువ్వాలు చుట్టండి. మీగడ ఎక్కువ ఉన్న పాలయితే బాగా గట్టిపడుతుంది.

మంచు రేకుల సంగతి కూడా చెప్పాలి. మనకి పక్కనే ఉన్న వెర్మాంట్‌లో, జెరిఖో అనే ఊళ్ళో విల్సన్ బెంట్లీ అనే రైతు ఉండేవాడు. 1885 జనవరిలో, పంతొమ్మిదేళ్ళ వయసులో, మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి మంచు రేకుని ఫోటో తీశాడు, జీవితాంతం ఐదు వేలకి పైగా తీశాడు. చిన్నప్పుడు ఆయనకి మైక్రోస్కోప్ చేతికిచ్చింది వాళ్ళమ్మ. మీరు చెయ్యాల్సిందల్లా ఒక నల్లటి గుడ్డముక్కని ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టడం. వెచ్చటి గుడ్డమీద పడితే రేకు వెంటనే కరిగిపోతుంది. మంచు పడుతున్నప్పుడు ఆ గుడ్డని గుమ్మంలోంచి చాపి, భూతద్దంతో చూసి కొమ్మలు లెక్కపెట్టమనండి. ఆరు ఉంటాయి. తర్వాత లోపల కాగితం మడిచి కత్తిరించేటప్పుడు కూడా ఆరు కొమ్మలు వచ్చేలా మడవమనండి. మామూలుగా మడిస్తే ఎనిమిది వస్తాయి. ఆరు రావాలంటే సగానికి మడిచాక దాన్ని మూడు సమాన భాగాలుగా మడవాలి, బాబుకి అది మంచి పజిల్.

ఇక మీ ఇంట్లో ఉన్న అసలు నిధి అత్తయ్యగారు. ఉత్తరంలో ఆవిడ అడ్డం చెప్పే మనిషిగా మాత్రమే కనిపించారు. కానీ నాలుగు గోడల మధ్య పిల్లల్ని ఆడించడం ఆవిడకి తెలిసినంత మనకి తెలియదు. ముసురు పట్టిన రోజుల్లో ఇంటినిండా పిల్లల్ని పెట్టుకుని గడిపిన తరం అది. కోడిగుడ్ల అట్ట డబ్బాలో పన్నెండు గుంటలుంటాయి, చెరో పక్క ఒక కటోరా పెడితే పద్నాలుగు, వామనగుంటలు సిద్ధం. చింతపిక్కలు లేకపోతే కాబూలీ శనగలు, గుంటకి ఐదేసి. పాప నోట్లో పెట్టుకునే రకమైతే ఆ గింజలు దూరంగా ఉంచి బాబుతోనే ఆడమనండి. గవ్వలు లేవని అష్టాచెమ్మా మానేస్తాం, పిస్తా పెంకులు నాలుగు దాచి చూడండి, గవ్వల్లాగే బోర్లా వెల్లకిలా పడతాయి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్ట. పార్సిల్ వచ్చిన పెట్టె అట్టమీద ఐదు గళ్ళ పటం గీసే పని బాబుది. వాడికి పులీ మేకా కూడా నేర్పమనండి, మూడు పులులు, పదిహేను మేకలు. చదరంగం నచ్చే వయసు పిల్లాడికి అది చాలా పట్టుకుంటుంది, నానమ్మని ఓడించేదాకా లేవడు. పాపకి వీరి వీరి గుమ్మడిపండు, కాళ్ళా గజ్జె కంకాళమ్మ. ఇద్దరూ ఇక్కడే పెరుగుతారు కదా, ఈ పాటలు వాళ్ళకి వేరే ఎవరూ నేర్పరు. అయితే ఆవిడకి ఈ పని అప్పగించి మీరు మాయమైపోకండి, పెద్దావిడకి కూడా అలసట ఉంటుంది. ఒక గంట, మహా అయితే గంటన్నర. తర్వాత ఆవిడ నడుం వాల్చుకోవాలి.

వంటింటి పనులు కూడా పంచండి. వెల్లుల్లి పొట్టు తియ్యడం, కొత్తిమీర తుంపడం, ఉతికిన మేజోళ్ళకి జతలు కలపడం, చపాతీ పిండిలో తన వాటా ముద్దతో బొమ్మలు చెయ్యడం నాలుగేళ్ళ పాపకి చాలా పెద్ద పనులు. జంతికల గొట్టం తిప్పడమంటే ఎనిమిదేళ్ళ వాళ్ళకి ప్రాణం. పళ్ళెం మీద ఒత్తిస్తే చాలు, నూనె దగ్గరికి మీరే వెళ్ళండి. పని నెమ్మదిగా సాగుతుంది, పిండి నేలంతా పడుతుంది, అయినా ఆ రోజు మీకున్నదే సమయం.

ఇవన్నీ ఒకే రోజు చెయ్యమనడం లేదు. బయటొకటి, ఇంట్లో ఒకటి, నానమ్మ గంట, అంతే. మధ్యలో "అమ్మా, బోర్ కొడుతోంది" అంటారు. అనగానే లేచి పరిగెత్తకండి. అట్టపెట్టెలు, దుప్పట్లు, బట్టలకి పెట్టే క్లిప్పులు ఒక మూల పడేసి ఉంచండి, పది నిమిషాలు విసుక్కుని, పోట్లాడుకుని, ఆ తర్వాత సోఫా వెనకాల ఇల్లు కట్టేస్తారు. కొట్టుకుంటున్నారని రాశారు, ఎనిమిదికీ నాలుగుకీ మధ్య అది ఉంటుంది. గట్టిగా తగవు వస్తే ఇద్దరికీ ఒకే ఆట ఇచ్చి కలపడం కంటే, అరగంట వేరు వేరు గదుల్లో పెట్టడమే మేలు. మా ఇంట్లో భోజనమయ్యాక ఒక అరగంట ఎవరి మూల వాళ్ళది, నిద్రపోయినా సరే, బొమ్మలేసుకున్నా సరే.

ఆటల సంగతి కాకపోయినా ఇది రాయకుండా ముగించలేను. మీ ఇంటి హీటర్ పొగగొట్టం ఎక్కడుందో ఈ ఆదివారమే చూసి పెట్టుకోండి. చాలా ఇళ్ళకి అది గోడలోంచి కిందగానే బయటికి వస్తుంది, మంచు పేరుకుంటే మూసుకుపోయి వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. 2005 జనవరిలో ప్లిమత్‌లో అలాగే ఒక ఏడేళ్ళ పాప చనిపోయింది, ఆ తర్వాతే ఈ రాష్ట్రంలో ఇళ్ళకి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేశారు, 2006 మార్చి 31 నుంచి. మీ అలారం బటన్ నొక్కి మోగుతుందో లేదో చూడండి. అది మోగితే పిల్లల్ని, అత్తయ్యగారిని తీసుకుని ముందు బయటికి రండి, ఫోన్ బయటి నుంచే చెయ్యండి. కారు మంచులో ఉంటే వెనక గొట్టం దగ్గర తవ్వాకే స్టార్ట్ చెయ్యాలి, మంచు తీస్తున్నాం కదా అని పిల్లల్ని కారులో వెచ్చగా కూర్చోబెట్టకండి.

సోమవారానికి మీ చేతిలో రెండు రోజులున్నాయి. గుడ్ల అట్ట పారెయ్యకండి, పిస్తా పెంకులు దాచండి, నల్లగుడ్డ ఫ్రీజర్‌లో పెట్టండి, పాలు, గల్లుప్పు ఉన్నాయో లేదో చూసుకోండి, తుఫాను అనగానే షాపుల్లో పాలు, బ్రెడ్ ముందు ఖాళీ అవుతాయి. ఒక్కొక్కరికి రెండో జత మిట్టెన్లు దొరికితే కొనండి. మొదటి జత తడిసిపోయాక ఆరడానికి సాయంత్రం దాకా పడుతుంది, మధ్యాహ్నం ఎండ వచ్చినప్పుడు వీళ్ళు మళ్ళీ బయటికి వెళ్తామంటారు.